రెట్టింపయిన విస్తరి

రెండు సీమల మీద ఒకే గొడుగు పట్టిన రాజ్యం ఒకటి ఒకప్పుడు ఉండేది. ఏటి ఒడ్డున దిగువసీమ, కొండల మీద ఎగువసీమ. దిగువసీమలో ఏడాదికి రెండు పంటలు వరి పండేది. ఎగువసీమలో వాన దయతలిస్తే కొర్రలు పండేవి, దయతలచకపోతే ఏమీ పండేది కాదు. రెండు సీమలకూ నడుమ ఒక కనుమ ఉంది. ఆ కనుమలో మనిషి దిగగలడు, మేక దిగగలదు, బండి మాత్రం దిగలేదు. అందుచేత ఎగువసీమ నెయ్యి, నువ్వులు, గొంగళ్ళు మనుషుల నెత్తిన ఎంత మోయగలిగితే అంతే కిందికి వచ్చేవి.

ఆ రాజ్యాన్ని ఏలే జయకీర్తి భూపతి చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఆకలి అని వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపేవాడు కాడు. కాని తన గొప్ప మీద ఆయనకు మహా మమకారం. తాను గుమ్మంలో అడుగుపెడితే ఆ ఇల్లు తరించిపోతుందనీ, తాను తుమ్మినా శాసనంలో చెక్కించదగ్గదేననీ ఆయన నమ్మకం. ఆయన పెట్టుకున్న నియమాల్లో ఒకటి మరీ చిత్రమైనది. భోజనం దగ్గర రాజు నోరు తెరిచి 'ఇంకా పెట్టండి' అనకూడదు. వడ్డించేవాళ్ళే కనిపెట్టి వడ్డించాలి. అడగడం ప్రజల వంతు, ఇవ్వడం రాజు వంతు అనేవాడు.

నాలుగేళ్ళకొకసారి ఆ రాజ్యంలో సిరిమదింపు జరిగేది. ఏ సీమ బాగా వృద్ధిలోకి వచ్చిందో తేల్చి, దానికి పసుపుపచ్చని సిరిజెండా ఇచ్చేవారు. జెండా ఇచ్చి ఊరుకుంటే బాగానే ఉండేది. జెండా అందుకున్న సీమకు రాజు స్వయంగా మూడువందల మంది పరివారంతో, పన్నెండు ఏనుగులతో వెళ్ళి నలభై రోజులు విడిది చేసేవాడు. ఆ నలభై రోజులూ అందరి మేపూ ఆ సీమదే. ఇంతకు మించిన మన్నన లోకంలో లేదని రాజు అభిప్రాయం. మేపినవాళ్ళ అభిప్రాయం ఆయన ఎన్నడూ అడగలేదు.

ఇన్నేళ్ళూ జెండా దిగువసీమకే వెళ్ళేది. కలిగినవాళ్ళు గనక పళ్ళు బిగించి భరించేవారు. ఆ ఏడు మదింపు పని గణకశిఖామణి విశ్వపతి శాస్త్రి చేతికి వచ్చింది. లెక్కల్లో ఆయనకు సాటి లేరు. ఎండలో నిలబడి లెక్కపెట్టిన అలవాటు మాత్రం ఆయనకు లేదు.

నిండుసభలో శాస్త్రి లేచి గొంతు సవరించుకున్నాడు. "మహారాజా! ఇంతవరకు మనవాళ్ళు ఎవరికి ఎంత ఉందో చూశారు. అది మోటు పద్ధతి. ఉన్నది ఎన్ని రెట్లు పెరిగిందో చూడాలి. కిందటి మదింపునాడు దిగువసీమలో ఇంటికి ఇరవై పశువులు. ఇప్పుడు ఇరవై అయిదు. అంటే పావు వంతు పెరుగుదల. ఎగువసీమలో కిందటిసారి ఇంటికి ఒకటే ఉండేది. ఇప్పుడు రెండు. అంటే రెట్టింపు! దిగువసీమ నడుస్తోంది, ఎగువసీమ పరుగెడుతోంది. ఈసారి జెండా ఎగువసీమది!"

'రెట్టింపు' అన్న మాట వినగానే రాజు ముఖం వెలిగిపోయింది. "నా ఏలుబడిలో రెట్టింపు!" అని మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "జ్యేష్ఠమాసంలో ఎగువసీమకు బయలుదేరుతున్నాం. ఏనుగులను సిద్ధం చేయండి!"

సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్ళు దిగువసీమ పెద్దలు. నాలుగేళ్ళపాటు ఏనుగుల బెడద తప్పినందుకు వాళ్ళు ఇంకొంతసేపు కొట్టేవాళ్ళే, చేతులు నొప్పి పుట్టకపోతే.

చప్పట్లు కొట్టనివాడు ఒక్కడున్నాడు. అతను ఆస్థాన విదూషకుడు ఓబన్న. ఆ సభలో ఎగువసీమలో పుట్టినవాడు అతనొక్కడే. నాలుగేళ్ళ కిందటి ఆ ఒక్క పశువు ఏమిటో అతనికి తెలుసు. కరువులో మందలు మందలుగా చావగా మిగిలిన మేక అది. ఇప్పటి రెండూ ఆ మేకా, దాని పిల్లా.

*

ఓబన్నది కనుమకు పైన గొల్లబండ అనే ఊరు. అయిదేళ్ళ వయసులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఏడిళ్ళవాళ్ళు వారానికి ఒక రోజు చొప్పున పంచుకుని అతనికి అన్నం పెట్టారు. ఆదివారం ఒక ఇల్లు, సోమవారం ఒక ఇల్లు. అలా వారాలు తిని అక్షరం నేర్చుకున్నాడు, మాట నేర్చుకున్నాడు, చివరికి రాజును నవ్వించే కొలువు సంపాదించాడు. సన్నబియ్యపు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ఏడిళ్ళూ గుర్తొచ్చి అతని కళ్ళు చెమర్చేవి. పెట్టినవాళ్ళు మరిచిపోయారేమో గాని, తిన్నవాడు ఒక్క ముద్ద కూడా మరిచిపోలేదు.

సభ జరిగిన వారానికి, ఆ ఏడిళ్ళలో గురువారపు ఇల్లాలు తిప్పమ్మ కనుమ దిగి, మూడు రోజులు నడిచి ఓబన్న ఇంటికి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. వట్టి చేతులతో రావడం అలవాటు లేదు గనక కొంగున అలసందలు మూటకట్టి తెచ్చింది.

"అవ్వా! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా!" అంటూ ఓబన్న కాళ్ళకు నీళ్ళిచ్చాడు.

"నువ్వు వొచ్చే లోపల ఏనుగులు వొస్తాయేమో నాయనా," అంది తిప్పమ్మ. "మా సీమకు జెండా ఇచ్చినారంట. రాజుగారు వొస్తాండారంట. సంతోషమే. ఆయప్పకు ఒక పూట కూడు పెట్టలేనోళ్ళమా? పెడతాం. కానీ పన్నెండు ఏనుగులు, మున్నూరు మంది, నలభై దినాలు! మా ఇండ్లల్లో ఇప్పుడుండేవి విత్తనం గింజలే. మృగశిరలో వాన పడితే ఇత్తుకునేటివి. అవి వండి పెట్టేస్తే ఏమి ఇత్తేది? ఊర్లో వయసుపిల్లోళ్ళు అప్పుడే మూటలు కడతాండారు, కూలికి దిగువసీమకు పోదామని."

"పోనిచ్చారా?"

"ఓబయ్య ఉండాడు, అడిగొస్తా, అంతదాకా ఆగండి అని చెప్పి వొచ్చినా."

ఓబన్న ఆలోచనలో పడ్డాడు. ఒక ఊరు ఊరంతా తన పేరు చెప్పుకుని ఆగి ఉంది. మన్నన వద్దని రాజుతో సూటిగా అనే వీలు లేదు. వెనక ఒక మంత్రి ఆ మాట అన్నందుకు దిగువసీమలో బాతులు లెక్కపెట్టే ఉద్యోగంలో పడ్డాడు, ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. మాట పనికిరాని చోట మరేదైనా చూసుకోవాలి.

ప్రయాణానికి ఇంకా మూడు రోజులుంది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. రాజు పొలిమేర దాటేముందు వరుసగా రెండు రోజులు విదూషకుడి ఇంట్లో మధ్యాహ్నం భోంచేయాలి. ప్రయాణమంతా నవ్వుతూ సాగాలని దాని ఉద్దేశం. ఆ రెండు రోజులూ రాజు మరెక్కడా మెతుకు ముట్టడు. అంతఃపురంలో పొయ్యి కూడా వెలిగించరు.

ఓబన్న అలసందల మూట వంక చూశాడు. చాలాసేపటికి అతని పెదవి మీద నవ్వు వచ్చింది.

"అవ్వా, వీటితో గారెలు చేస్తావా?"

"చేస్తా. ఎన్ని?"

"మొదటి రోజు ఇరవై ఒకటి," అన్నాడు ఓబన్న.

*

మర్నాడు రాజు పట్టపుటేనుగు భద్రం మీద ఎక్కి, శాస్త్రిని వెంటబెట్టుకుని ఓబన్న ఇంటికి వచ్చాడు. ఏనుగు వాకిట్లో నిలబడింది. పందిరి కింద రెండు పీటలు, రెండు విస్తళ్ళు. లోపలినుంచి గారెలు వేగుతున్న వాసన వీధి చివరిదాకా వస్తోంది. రాజు ఉత్సాహంగా కూర్చున్నాడు.

ఓబన్న వడ్డించాడు. శాస్త్రి విస్తట్లో ఇరవై గారెలు. రాజు విస్తట్లో ఒకటి.

రాజు ఆ గారెను చూశాడు. శాస్త్రి విస్తరి చూశాడు. ఓబన్న చేతిలోని ఖాళీ పళ్ళెం చూశాడు. నోరు తెరవబోయి, తన నియమం గుర్తొచ్చి మూసుకున్నాడు.

"మహారాజా, ఇవాళ ఇంతే," అని చేతులు జోడించాడు ఓబన్న. "కాని రేపు తమ విస్తరి రెట్టింపవుతుంది. ఇది నా మాట."

రెట్టింపు! రాజుకు ఆకలి వేస్తూనే ఉన్నా ఆ మాట చెవికి ఇంపుగానే ఉంది. గారెను నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనే రాచఠీవితో తిని, రెండు చెంబుల మజ్జిగ తాగి లేచాడు. శాస్త్రి పద్నాలుగో గారె దగ్గర ఆయాసపడి ఆగిపోయాడు. రాజు ఆ మిగిలిన ఆరింటి వంక చూసిన చూపును ఓబన్న చాలాకాలం మరిచిపోలేదు.

ఆ సాయంత్రం తిప్పమ్మకు భయం వేసింది. "రాజును పస్తు పెడతాండావు ఓబయ్యా. ఆయప్పకు కోపం వొస్తే నీ కొలువు పోతాది. తల కూడా పోవచ్చు."

"నాకూ భయంగానే ఉంది అవ్వా," అన్నాడు ఓబన్న. "కాని ఈ తల ఇంతైంది మీ ఏడిళ్ళ అన్నంతోనే కదా. మీకు అక్కరకు రాకపోతే ఇది నా మెడ మీద ఎందుకు?"

తిప్పమ్మ మిగిలిన అలసందలు తీసి నానబోసింది.

*

రెండో రోజు రాజు రావలసిన వేళకంటే గంట ముందే వచ్చాడు. కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే ముహూర్తం దాకా ఆగడం రాజులకైనా కష్టమే. వాకిట్లో దిగుతూనే, "నిన్న ఏదో మాట ఇచ్చావయ్యా ఓబన్నా," అన్నాడు. అడగకూడదు గనక గుర్తుచేశాడు.

"మరిచిపోలేదు మహారాజా!"

ఓబన్న వడ్డించాడు. శాస్త్రి విస్తట్లో ఇరవై అయిదు గారెలు. రాజు విస్తట్లో రెండు.

వడ్డించి, పందిరి పక్కన నిలబెట్టిన డోలు వాయించేవాడికి సైగ చేశాడు. వాడు దడదడా వాయించాడు. ఓబన్న మొలలోంచి బెత్తెడు పసుపుగుడ్డ కట్టిన పుల్ల ఒకటి తీసి, రాజు విస్తట్లోని రెండు గారెల్లో ఒకదాని చిల్లులో గుచ్చి నిలబెట్టాడు.

"జయం మహారాజా! నిన్నటికీ ఇవాళ్టికీ శాస్త్రిగారి విస్తరి పావు వంతే పెరిగింది. తమ విస్తరి రెట్టింపయింది! శాస్త్రిగారి విస్తరి నడుస్తోంది, తమది పరుగెడుతోంది. సిరిజెండా తమ విస్తరిదే!"

శాస్త్రి చేతిలోని గారె నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

రాజు ఇంకా తేరుకోలేదు. జెండా గెలిచానన్న సంతోషమూ, రెండే గారెలున్నాయన్న దిగులూ ఆయన ముఖంలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇంతలో ఓబన్న మళ్ళీ అందుకున్నాడు.

"ఇక ఆచారం మిగిలింది. జెండా గెలిచినవారు అతిథులను మేపాలి. శాస్త్రిగారూ, లేవండి. మహారాజుగారి విస్తరి దగ్గరికి దయచేయండి. మొహమాటపడకండి, గెలిచినవారు పెడుతున్నారు! మరి పరివారం లేకుండా మన్నన ఏమిటి? భద్రాన్ని కూడా రానివ్వండి."

మావటివాడు ఇదేదో వేడుక అనుకుని ఏనుగును పందిరి దాకా తెచ్చాడు. భద్రానికి ఆచారాలు తెలియవు గాని గారెలు తెలుసు. తొండం చాచి, రాజు విస్తట్లోని రెండు గారెలనూ ఒక్క పట్టున చుట్టి నోట్లో వేసుకుంది. ఆ లాగుడుకు పుల్ల ఊడి విస్తట్లోనే పడింది.

రాజు ముందు ఖాళీ విస్తరి మిగిలింది. దాని మీద పసుపుపచ్చని జెండా.

తలుపు చాటున తిప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఓబన్న రాజు ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు. ఏడిళ్ళవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే మనసులో తలుచుకున్నాడు. దేవుడి పేరు ఎందుకో గుర్తు రాలేదు.

రాజు విస్తరి చూశాడు, జెండా చూశాడు, శాస్త్రి ముందున్న గారెల కుప్ప చూశాడు. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"నిన్న శాస్త్రికి ఇరవై, నాకు ఒకటి. తేడా పంతొమ్మిది," అన్నాడు మెల్లగా. "ఇవాళ ఆయనకు ఇరవై అయిదు, నాకు రెండు. తేడా ఇరవై మూడు. నేను పరుగెత్తి పరుగెత్తి ఇంకా వెనకబడ్డానా?"

శాస్త్రికి పౌరుషం వచ్చింది. "మహారాజా, నా లెక్క తప్పు కాదు! ఇలాగే రెట్టింపవుతూ పోతే రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఏడు మదింపులు గడిచేసరికి ఎగువసీమ దిగువసీమను దాటిపోతుంది! కావాలంటే వేసి చూపిస్తాను!"

"అవును మహారాజా. శాస్త్రిగారి లెక్క నూటికి నూరుపాళ్ళూ నిజం," అన్నాడు ఓబన్న. "రేపు రెండు నాలుగవుతాయి. ఎల్లుండి ఎనిమిదవుతాయి. ఒక్కటే చిక్కు. ఆ రెండూ ఇప్పుడు భద్రం కడుపులో ఉన్నాయి."

రాజు ఏనుగు వంక చూశాడు. భద్రం ఇంకా ఏమైనా ఉందేమోనని విస్తరి అంచు తడుముతోంది. ముందు రాజు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత పందిరి గుంజలు అదిరేలా పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"పన్నెండు ఏనుగులు!" అన్నాడు. "ఇంటికి రెండు మేకలున్న చోటికి పన్నెండు ఏనుగులను తోలుకుపోతూ, అది మన్నన అనుకున్నానయ్యా! ఇన్నేళ్ళకు నాకు ఆకలి ఎలా ఉంటుందో తెలిసింది. తెలియజేసినందుకు నీకు నేను దండం పెట్టాలి ఓబన్నా." అని నిజంగానే చేతులు జోడించాడు. రాజు ఒకరికి దండం పెట్టడం ఆ రాజ్యంలో అదే మొదలు.

తిప్పమ్మ ఆ దండం చూసి ఆగలేక, తలుపు చాటునుంచి బయటికి వచ్చేసింది. చేతిలో వేడి వేడి గారెల బుట్ట.

"ముందు తిను సామీ. ఆకలిమీద ఉండావు, మాటలు తర్వాత," అని విస్తరి నిండా వడ్డించింది. రాజు వరుసగా పదకొండు తిన్నాడు. పన్నెండోది చేతిలోకి తీసుకుని అడిగాడు. "అవ్వా, నీది ఎగువసీమా? మీ సీమకు ఏం కావాలి? జెండా కాకుండా."

"మాకేమీ ఊరికే ఇయ్యొద్దు సామీ," అంది తిప్పమ్మ. "మా దగ్గర నెయ్యి ఉండాది, నువ్వులుండాయి. గొంగళ్ళు నేసేవాళ్ళు ఉండారు. కనుమలో బండి దిగే బాట ఉంటే మేమే దిగొస్తాం. ఇంతకాలం మమ్మల్ని కరువు ఒకటే కాదు, ఆ కనుమ కూడా కట్టి పడేసింది. ఈ ఏటికి మా ఇత్తనాలు మాకుండనిస్తే చాలు. నీకు పుణ్యముంటాది."

"ప్రయాణం రద్దు," అన్నాడు రాజు. "ఆ పన్నెండు ఏనుగులూ కనుమకే వెళ్తాయి. మేయడానికి కాదు, బండలు లాగడానికి. వాటి మేత దిగువసీమనుంచి వెళ్తుంది. శాస్త్రిగారూ, మీరు కూడా వెళ్ళండి. అక్కడే ఉండి, ఈసారి నిలబడి లెక్కపెట్టండి."

శాస్త్రి తల వంచుకున్నాడు గాని, ఆయనకు కూడా లోలోపల కాస్త ఊరటగానే ఉంది. ఇరవై అయిదు గారెలు తినవలసిన పని తప్పింది.

ఇక రాజు ఓబన్న వైపు తిరిగాడు. చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు. "ఇది చాలదు. దిగువసీమలో ఏటి ఒడ్డున నీకు ఒక ఊరు రాసిస్తున్నాను. తరతరాలు కూర్చుని తిను."

ఓబన్న కంకణం కళ్ళకద్దుకున్నాడు. "మహాప్రసాదం మహారాజా. ఈ దయ మరిచిపోను. ఒక్క మనవి. ఆ ఊరేదో ఎగువసీమలో ఇప్పించండి."

"ఎగువసీమలోనా? అక్కడ ఏముందయ్యా? రాళ్ళు తప్ప!"

"ఇవాళ రాళ్ళే మహారాజా. తమరు బాట వేయిస్తున్నారుగా, ఇరవై ఏళ్ళకు అది కూడా ఏటి ఒడ్డు ఊరితో సమానమవుతుంది. కాకపోతే, జయకీర్తి భూపతి తన విదూషకుడికి రాళ్ళగుట్ట బహుమానంగా ఇచ్చాడని లోకం అంటుంది. అది నేను వినలేను."

రాజు క్షణకాలం తెల్లబోయాడు. తన గొప్పను తాకట్టు పెట్టి బాట పని పూర్తి చేయిస్తున్నాడు ఈ మనిషి! మధ్యలో ఆపే దారి లేకుండా ఎంత నేర్పుగా బిగించాడు! ఈసారి ఆయన నవ్విన నవ్వుకు భద్రం కూడా బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. "రాసివ్వండి! ఎగువసీమలోనే రాసివ్వండి!" అన్నాడు.

*

ఆ ఏడు మృగశిరలో వాన పడేనాటికి ఎగువసీమలో ప్రతి ఇంటా విత్తనాలు పదిలంగా ఉన్నాయి. మూటలు కట్టిన పిల్లలు రాజు ప్రయాణం రద్దయిన కబురు విని మూటలు విప్పి గొర్రు పట్టారు. తిప్పమ్మ కనుమ ఎక్కి ఇల్లు చేరేసరికి చేలు మొలకెత్తి ఉన్నాయి.

బాట పడడానికి మూడేళ్ళు పట్టింది. ఆ తర్వాత మాత్రం ఎవరూ తోయకుండానే బళ్ళు దిగడం మొదలుపెట్టాయి. మొదట నెయ్యి దిగింది, తర్వాత గొంగళ్ళు దిగాయి. దిగువసీమ వడ్రంగులూ, కమ్మరులూ పని వెతుక్కుంటూ పైకి ఎక్కారు, తమ నేర్పు అక్కడివాళ్ళకు నేర్పారు. దిగువసీమకు ఇందువల్ల పోయిందేమీ లేదు. వాళ్ళు మంచి నెయ్యి తిన్నారు, చలికాలం వెచ్చని గొంగడి కప్పుకున్నారు. ఒకరు ఎదగడానికి ఇంకొకరు తరగనక్కర్లేదని ఆ రెండు సీమలవాళ్ళూ బళ్ళ మీదే తెలుసుకున్నారు.

శాస్త్రి చెప్పిన ఏడు మదింపులకు రెండు సీమలూ సమానం కాలేదు. ఎనిమిదో దానికీ కాలేదు. బతుకు ఆయన వేసిన లెక్కంత చురుగ్గా నడవలేదు, మధ్యలో రెండు కరువులు కూడా వచ్చాయి. కాని ప్రతి మదింపుకూ తేడా కొంత కొంత తరుగుతూ వచ్చింది. ఆ మదింపుల్లో శాస్త్రి రెట్లూ రాశాడు, తేడా కూడా రాశాడు. ముసలితనంలో ఆయన ఎగువసీమలోనే ఇల్లు కట్టుకుని, అక్కడి ఎండకు నల్లబడి, అక్కడి గారెలకు అలవాటు పడిపోయాడు.

ఓబన్న కొలువు చాలించుకుని తన ఊరికి చేరిన రోజున, గొల్లబండవాళ్ళు మేళంతో ఎదురొచ్చారు. తిప్పమ్మ అప్పటికి లేదు. ఆమె మనవరాలు చెంబుతో కాళ్ళకు నీళ్ళిస్తూ, "మా ఊరిని నిలబెట్టినావు పెద్దాయనా, నీ రుణం ఎట్లా తీర్చుకునేది?" అంది.

ఓబన్న ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. "నేను నిలబెట్టలేదమ్మా, మీ అవ్వ మూడు రోజులు నడిచి వచ్చింది," అన్నాడు. "ఇవాళ గురువారం కదూ? పద, మీ ఇంట్లోనే తింటాను."